కొన్న పాటలు, సినిమాలు చేజారకుండా కొనడం, దాచుకోవడం, సరిచూసుకోవడం ఎలా?

“నేను పాటలు కొన్న దుకాణం మూతపడితే అవి ఏమవుతాయి?”, “సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తే డౌన్‌లోడ్ చేసుకున్నవి ఉంటాయా?” అనే రెండు ప్రశ్నలను పాఠకులు రకరకాల మాటల్లో అడుగుతూనే ఉన్నారు. ప్రతిసారీ ముక్కలుగా జవాబివ్వడం కన్నా మొత్తం పద్ధతిని ఒకేచోట రాయడం మేలనిపించింది. రెండో ప్రశ్నకు జవాబు ఒక్కమాటే: ఉండవు. మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం మీరు కొన్నది ఫైలా, లేక ఆ ఫైల్‌ను చూసే అనుమతా అన్నదాన్ని బట్టి మారుతుంది. తెర మీద రెండింటికీ ‘కొనండి’ అన్న ఒకే బటన్ కనిపించడం వల్లనే ఈ గందరగోళమంతా వచ్చింది.

ఇది ఊహించుకున్న భయం కాదు. మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్‌ఎన్ మ్యూజిక్ దుకాణంలో అమ్మిన పాటల తాళాలు (కొన్నవారు తప్ప వేరెవరూ వాడకుండా ఫైల్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్ అడ్డు) తెరిచే సర్వర్లను 2008 ఆగస్టు 31 తర్వాత ఆపేస్తామని ప్రకటించింది. కొన్నవారు గట్టిగా నిలదీసిన తర్వాతే గడువును 2011 దాకా పొడిగించింది. సినిమాలను ఒకచోట కొని పలుచోట్ల చూసుకోవచ్చన్న అల్ట్రావయొలెట్ సేవ 2019 జూలై 31న మూతపడింది. డిస్కవరీ టీవీ కార్యక్రమాలు కొన్నవారి లైబ్రరీల నుంచి వాటిని తీసేయబోతున్నట్టు 2023 డిసెంబరులో సోనీ గేమింగ్ వేదిక ప్లేస్టేషన్ చెప్పి, ఆ నెలలోనే ఒప్పందం సవరించుకుని వెనక్కి తగ్గింది. ఇలాంటివి జరిగాకనే కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. అమ్మేది కేవలం లైసెన్సు అయినప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడకూడదన్న ఆ నియమం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇకముందు దుకాణాలు షరతులను మరింత వివరంగా చెప్పవచ్చు గానీ, అంతమాత్రాన ఫైల్ మీ చేతికి రాదు. దాన్ని తెచ్చుకునే పని మీదే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఒక కంప్యూటర్ కావాలి. ఫోన్‌తో ఈ పని సగంలో ఆగిపోతుంది. బయట నుంచి తగిలించే హార్డ్ డిస్కులు రెండు కావాలి. రెండూ ఒకే రోజు ఒకేచోట కొన్నవి కాకపోతే మంచిది, ఎందుకంటే ఒకే తయారీ విడతలో లోపం ఉంటే రెండూ దగ్గరదగ్గరగా పాడవుతాయి. వీఎల్‌సీ వంటి ఉచిత ప్లేయర్, ఫైళ్ల వివరాలు సరిదిద్దడానికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ లేదా ఎంపీ3ట్యాగ్, రెండు ఫోల్డర్లను పోల్చడానికి ఫ్రీఫైల్‌సింక్ ఉంటే చాలు. సీడీల నుంచి పాటలు తీసుకునేవారికి డిస్క్ డ్రైవ్ కూడా అవసరం. ఒక నోటుపుస్తకం కూడా దగ్గర ఉంచుకోండి. అది ఎందుకో చివరి మెట్టులో తెలుస్తుంది.

డిస్క్ ఎంత పెద్దది కావాలో లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు. సీడీ నాణ్యత గల పాట, కుదించకుండా ఉంచితే, నిమిషానికి సుమారు 10.5 ఎంబీ తీసుకుంటుంది. ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫైల్ రకం) రూపంలో అది సాధారణంగా సగం నుంచి మూడింట రెండు వంతుల మధ్యకు వస్తుంది. 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) ఎంపీ3 అయితే నిమిషానికి 2.4 ఎంబీ. అంటే 45 నిమిషాల ఆల్బమ్‌కు ఫ్లాక్‌లో 300 ఎంబీ వేసుకున్నా, 500 ఆల్బమ్‌లు 150 జీబీలో సరిపోతాయి. అసలు చోటు మింగేది వీడియో. సెకనుకు 8 మెగాబిట్ల వేగంతో ఉన్న రెండున్నర గంటల సినిమా ఒక్కటే 9 జీబీ అవుతుంది.

1. డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు వేయండి

దుకాణం సహాయం పేజీలో, లేదా వస్తువు వివరాల కింద ఉండే చిన్న అక్షరాల్లో ఈ మూడింటికి జవాబు వెతకండి. ఫైల్‌ను కంప్యూటర్‌లోకి దించుకోవచ్చా? దించుకున్న ఫైల్ ఆ సంస్థ యాప్ లేకుండా వేరే ప్లేయర్‌లో తెరుచుకుంటుందా? ఖాతా మూసేసినా, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుందా? మూడింటికీ ‘అవును’ అని వస్తేనే అది కొనుగోలు. ఒక్కదానికి ‘కాదు’ అని వచ్చినా మీరు చెల్లిస్తున్నది గడువు రాయని అద్దె అనుకోండి. అద్దె తప్పేమీ కాదు, ఒకసారి చూసి మరిచిపోయే సినిమాకు అదే చాలు. అద్దెకు కొనుగోలు ధర చెల్లించడమే తప్పు.

ఇక్కడ ఎక్కువమంది ‘డౌన్‌లోడ్’ అనే మాట దగ్గర పొరబడతారు. యాప్‌లో కిందికి చూపే బాణం గుర్తు నొక్కితే పాట ఫోన్‌లోకి వచ్చే మాట నిజమే గానీ, అది తాళం వేసిన పెట్టెలాగా వస్తుంది. ఆ పెట్టెను ఆ యాప్ మాత్రమే తెరవగలదు, అదీ మీ చందా గడువు ఉన్నంతవరకే. ఫోన్ ఫైళ్ల జాబితాలో పాట పేరుతో మామూలు ఫైల్ ఏదీ కనబడకపోతే మీరు దాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నట్టు కాదు.

2. ఎక్కడ, ఏ రూపంలో కొనాలో తేల్చుకోండి

పాటల విషయంలో దారి సులువే. ఆపిల్ ఐట్యూన్స్ దుకాణం 2009లో పాటలకు తాళాలు తీసేసినప్పటి నుంచి, విడిగా అమ్మే పాటలు ఎక్కువగా తాళం లేకుండానే వస్తున్నాయి. బ్యాండ్‌క్యాంప్, కోబజ్ వంటి చోట్ల అదే పాటను ఫ్లాక్ రూపంలో కూడా ఇస్తారు. ఎంపిక మీ చేతిలో ఉంటే ఫ్లాక్ తీసుకోండి. అది లాస్‌లెస్ రూపం, అంటే కుదించినా ధ్వనిలో ఒక్క బిట్టు కూడా పోదు. దాని ప్రమాణం అందరికీ తెరిచే ఉంది, 2024 డిసెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 9639గా అధికారికంగా ప్రచురించింది కూడా. రేపు కొత్త రూపం ఏది వచ్చినా ఫ్లాక్ నుంచి దానిలోకి నష్టం లేకుండా మార్చుకోవచ్చు. ఎంపీ3 మాత్రమే దొరికితే 320 కేబీపీఎస్‌ది తీసుకోండి, చింతపడనక్కర్లేదు.

చేయకూడనిది ఒకటుంది: ఎంపీ3లను ఫ్లాక్‌లోకి మార్చి నాణ్యత పెరిగిందనుకోవడం. పాలలో ఒకసారి నీళ్లు కలిశాక వెండి గ్లాసులో పోసినా చిక్కబడవు. ఫైల్ బరువు మూడింతలవుతుంది, పోయిన ధ్వని తిరిగి రాదు.

డిజిటల్‌గా దొరకని ఆల్బమ్‌కు సీడీ ఇప్పటికీ మంచి ప్రత్యామ్నాయం. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ వాడి ఫ్లాక్‌లోకి తీసుకోండి. ఈ రెండూ మీరు తీసిన కాపీని అక్యురేట్‌రిప్ అనే జాబితాతో పోల్చి, అదే సీడీని ఇతరులు తీసినప్పుడు వచ్చిన ఫలితంతో సరిపోయిందో లేదో చెబుతాయి. మీ సొంత సీడీని మీ కోసం కాపీ తీసుకోవడానికి మీ దేశపు చట్టం ఒప్పుకుంటుందో లేదో మాత్రం ముందు చూసుకోండి. ఈ విషయంలో అన్ని దేశాలదీ ఒకే మాట కాదు.

సినిమాల విషయంలో ఇంత ధైర్యంగా చెప్పలేను. పెద్ద స్టూడియోల సినిమాలు తాళం లేని ఫైళ్లుగా దాదాపు దొరకవు. చిన్న నిర్మాతలు, డాక్యుమెంటరీ తీసేవారు కొందరు నేరుగా ఎంపీ4 ఫైల్‌ను అమ్ముతారు, అలా దొరికితే వదులుకోకండి. మిగిలినవాటికి డిస్కే గతి. డిస్క్ కొనేటప్పుడు ప్రాంతపు గుర్తు చూడడం మరవవద్దు: డీవీడీలను 1 నుంచి 6 వరకు, బ్లూరేలను ఏ, బీ, సీ అని ప్రాంతాలుగా విభజించారు, మీ ప్లేయర్‌కు సరిపడని డిస్క్ అందులో తిరగదు. 4కే బ్లూరేలకు ఈ బెడద లేదు. డిస్కుల మీది తాళాన్ని సాఫ్ట్‌వేర్‌తో పగలగొట్టడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం కాబట్టి ఆ దారి ఇక్కడ రాయడం లేదు. డిస్క్‌ను డిస్క్‌గానే, నిలువుగా, వెలుతురు సోకని చోట ఉంచి, పనిచేసే ప్లేయర్ ఒకటి కాపాడుకోండి.

3. కొన్న రోజే దించుకోండి

‘ఖాతాలో ఉంది కదా, ఎప్పుడైనా దించుకోవచ్చు’ అన్న వాయిదాయే ఎక్కువ మంది కొంప ముంచుతుంది. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివర్లో ఆగిపోయినప్పుడు, అక్కడి లైబ్రరీని తరలించుకోవడానికో దించుకోవడానికో కొన్ని నెలల గడువు ఇచ్చారు. 2021 ఫిబ్రవరిలో మిగిలిన సమాచారాన్ని చెరిపేశారు. మెయిల్ చూసుకోనివారికి అది చిన్న గడువే. దించుకోవడంతో పాటు రశీదును పీడీఎఫ్‌గా తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. జిప్ ఫైల్‌గా వస్తే వెంటనే విప్పి చూడండి; సగంలో తెగిన జిప్ పైకి బాగానే కనబడుతుంది, విప్పినప్పుడే గుట్టు తెలుస్తుంది.

4. ఫైల్ నిజంగా మీదేనా అని పరీక్షించండి

ఈ మెట్టుకు పది నిమిషాలు పడుతుంది. దీన్ని దాటవేయకండి.

కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి విడదీయండి. దుకాణం యాప్‌లో లాగౌట్ అవ్వండి. ఇప్పుడు ఫైల్‌ను వీఎల్‌సీలో తెరవండి. పాట మొదలైతే సగం గెలిచినట్టే. మిగతా సగం కోసం చివరి అర నిమిషానికి జరిపి వినండి, ఎందుకంటే తెగిన డౌన్‌లోడ్‌ల లోపం ఎప్పుడూ తోక దగ్గరే ఉంటుంది. వీడియో అయితే నడిమధ్యలో రెండు మూడు చోట్లకు దూకి, మాటకూ పెదవికీ పొంతన ఉందో లేదో చూడండి. సబ్‌టైటిల్స్ విడి ఫైల్‌గా వచ్చి ఉంటే వీడియో పేరునే దానికీ పెట్టండి, లేకపోతే ప్లేయర్ దాన్ని గుర్తుపట్టదు.

ఫ్లాక్ పేరుతో ఎంపీ3ని అంటగట్టారేమోనన్న అనుమానం వస్తే, స్పెక్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైల్‌ను తెరవండి. అది పాటను రంగుల పటంగా చూపిస్తుంది: అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం. తక్కువ బిట్‌రేటు ఎంపీ3 నుంచి వచ్చినదైతే సుమారు 16 కిలోహెర్ట్జ్ దగ్గర ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు పైభాగమంతా నల్లగా ఉంటుంది. అసలైన సీడీ నాణ్యత గలదైతే రంగు 20 కిలోహెర్ట్జ్ దాటి, పైకి పోతున్నకొద్దీ పలచబడుతుంది. కానీ తొందరపడి దుకాణంతో తగాదా పెట్టుకోకండి. పాతకాలపు రికార్డింగుల్లో అసలు అంత పై ధ్వని ఉండనే ఉండదు, వాటి పటం కూడా పైన నల్లగానే ఉంటుంది. చూడవలసింది నలుపును కాదు, గీత గీసినట్టు పదునుగా ఉన్న అంచును.

5. పేర్లు, వివరాలు సరిచేయండి

ఫోల్డర్ల పేర్లకు ఒకే పద్ధతి పెట్టుకోండి: కళాకారుని పేరు, దాని లోపల సంవత్సరంతో ఆల్బమ్ పేరు, దాని లోపల వరుస సంఖ్యతో పాట పేరు. సంఖ్యలను 1, 2 అని కాక 01, 02 అని రాయండి. లేకపోతే కొన్ని ప్లేయర్లు 1 తర్వాత 10 వాయిస్తాయి. ప్రశ్నార్థకం, కోలన్, ఏటవాలు గీత వంటివి పేర్లలో వాడవద్దు, విండోస్ వాటిని అంగీకరించదు. తెలుగులో పేర్లు రాసుకుంటే కంప్యూటర్లో ఏ ఇబ్బందీ ఉండదు గానీ, కొన్ని పాత ప్లేయర్ల తెర మీద డబ్బాలు డబ్బాలుగా కనబడతాయి. నేనైతే డబ్బాలకే సిద్ధపడి తెలుగులోనే రాసుకుంటాను.

పికార్డ్ ఆల్బమ్ వివరాలను తనంతట తానే నింపుతుంది. ఒకేసారి వందల ఫోల్డర్లను దానికి అప్పగించి భద్రపరచు బటన్ నొక్కకండి. ఒకే ఆల్బమ్‌కు అనేక ముద్రణలుంటాయి కాబట్టి అది తప్పు ముద్రణను ఎంచుకుంటుంది, తర్వాత విడదీయడం నరకం. మొదట ఒక్క ఆల్బమ్‌తో చూసి, తృప్తి కలిగాక ముందుకు వెళ్లండి.

6. మూడు ప్రతులు ఉంచండి

బ్యాకప్‌కు అందరూ చెప్పే 3-2-1 సూత్రం ఇక్కడా పనిచేస్తుంది: మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటి బయట. కంప్యూటర్లో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, మూడోది నమ్మకమైన బంధువుల ఇంట్లో ఉంచిన రెండో హార్డ్ డిస్కులోనో, లేకపోతే క్లౌడ్‌లోనో.

డిస్కును ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకుంటే విండోస్, మ్యాక్ రెండింటిలోనూ తెరుచుకుంటుంది. పాత ఫ్యాట్32 మీద 4 జీబీని మించిన ఫైల్ పట్టదు, పైన లెక్కేసిన 9 జీబీ సినిమా అందులోకి ఎక్కనే ఎక్కదు. ఫార్మాట్ చేస్తే డిస్కులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీ డిస్కు మీదనే చేయండి. కాపీ పూర్తయిందని గీత నిండగానే తీగ లాగేయకండి. ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చని చెప్పేదాకా ఆగండి. చివరి ఫైళ్లు అప్పటికి ఇంకా రాయబడుతూ ఉండవచ్చు.

పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికే తప్ప దాచుకోవడానికి కాదు. ఎస్‌ఎస్‌డీని (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచే డిస్కు) కూడా కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి సొరుగులో పడేయవద్దు, అందులోని విద్యుదావేశం మెల్లగా కారిపోతుంది. సీడీలు, బ్లూరేల మీద రాసి దాచుకుందామనుకునేవారు సోనీ 2025 ఫిబ్రవరిలో రికార్డబుల్ బ్లూరేల తయారీ ఆపేసిందని గుర్తుంచుకోవాలి. ఆ దారి ఇరుకవుతోంది.

క్లౌడ్‌ను మూడో ప్రతిగా వాడండి, ఏకైక ప్రతిగా కాదు. మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో 2015కు ముందు పెట్టిన పాటలు సర్వర్ల మార్పులో పోయాయని 2019లో తెలిసింది. అవి మరెక్కడా లేనివారికి అక్కడితో ముగిసింది. ఇంకొక ముఖ్యమైన తేడా: సింక్, అంటే అన్ని పరికరాల్లోనూ ఫైళ్లను ఒకేలా ఉంచడం, బ్యాకప్ కాదు. సింక్‌లో ఫోన్ నుంచి ఒక ఫోల్డర్ తీసేస్తే నిమిషాల్లో అన్నిచోట్లా పోతుంది. తీసేసిన ఫైళ్లను ఎన్నాళ్లు చెత్తబుట్టలో ఉంచుతారో మీ సేవ షరతుల్లో చూసుకోండి.

7. ప్రతులు పాడవలేదని సరిచూడండి

ఈ మెట్టు నేను నష్టపోయి నేర్చుకున్నది. చాలా ఏళ్లు నెలకోసారి మొత్తం ఫోల్డర్‌ను పట్టుకుని రెండో డిస్కు మీదికి లాగి, ‘ఉన్నవాటిని మార్చాలా’ అంటే ‘అన్నింటికీ అవును’ అనేవాణ్ణి. ఒకరోజు ఒక వాయిద్య సంగీతం వింటుంటే రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర ‘కర్ర్’ మని గోరుతో గీకినట్టు చప్పుడు వచ్చి, పాట అక్కడే ఆగింది. పోనీలే, బ్యాకప్ ఉంది కదా అని రెండో డిస్కు తెరిచాను. అక్కడా సరిగ్గా రెండు నిమిషాల పది సెకన్లకే అదే చప్పుడు. పాడైన ఫైల్‌ను నేనే నా చేతులతో మంచిదాని మీద పరిచాను. కొన్న దుకాణంలో అప్పటికే ఆ ఆల్బమ్ లేదు.

అందుకే కాపీ చేసే ముందు పోల్చండి. ఫ్రీఫైల్‌సింక్‌లో పోల్చే పద్ధతిని తేదీ, పరిమాణం నుంచి ‘ఫైల్ లోపలి విషయం’ అనే దానికి మార్చి, రెండు డిస్కులను ఎదురెదురుగా పెట్టండి. గంటలు పట్టవచ్చు, రాత్రి పెట్టి పడుకోండి. మీరు మార్చని పాట ‘తేడా ఉంది’ అని వస్తే ఆగండి. రెండూ విని, ఏది మంచిదో తేలాకనే దేని మీద దేన్ని రాయాలో నిర్ణయించండి. ఫ్లాక్‌కు ఇంకో వెసులుబాటు ఉంది: ప్రతి ఫైల్‌లోనూ అసలు ధ్వనికి ఒక ఎండీ5 సంఖ్య, అంటే వేలిముద్ర వంటిది, దాచి ఉంటుంది కాబట్టి రెండో ప్రతి లేకుండానే అది చెడిందో లేదో తేల్చవచ్చు. ఫూబార్2000 వంటి ప్లేయర్లలో ఆ పరీక్ష ఉంది. ఎంపీ3లకు, వీడియోలకు ఆ సౌకర్యం లేదు కాబట్టి, మంచిగా ఉన్నప్పుడే వాటి ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యలను (ఇవీ వేలిముద్రల వంటివే) ఏదైనా ఉచిత హ్యాష్ ప్రోగ్రామ్‌తో తీసి, ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఉంచుకుని, ఏడాదికోసారి పోల్చుకోండి.

డిస్కు నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తే పరీక్షలన్నీ పక్కన పెట్టి, వేరే ప్రతి లేనివాటిని ముందుగా బయటికి తీసుకోండి. అలాంటి చప్పుడేదీ లేకున్నా, ఐదేళ్లు దాటిన డిస్కును ఏకైక ఆధారంగా నమ్మవద్దు.

8. మరొకరికి దారి చూపండి

చాలా దుకాణాల షరతుల ప్రకారం ఖాతాను మరొకరికి బదిలీ చేయడం కుదరదు. ఫైళ్లయితే కనీసం ఇంట్లో ఉంటాయి, వాటిని తెరవడం తెలిస్తే. డిస్కుకు రహస్య తాళం వేసి ఉంటే దాని రికవరీ కీ, ఏ డిస్కు ఎక్కడుంది, ఏ ప్లేయర్‌తో తెరవాలి, చివరిసారి సరిచూసిన తేదీ ఏది అన్నవి నోటుపుస్తకంలో చేత్తో రాయండి. కీ రాసిన పుస్తకాన్ని ఆ డిస్కు పక్కనే ఉంచకండి.

ఆ తర్వాత పుస్తకాన్నీ డిస్కునూ ఇంట్లో ఒకరి చేతికిచ్చి, మీరు ఏమీ చెప్పకుండా ఒక పాట వినిపించమనండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తారో, ఆ చోట మీరు రాసింది చాలలేదన్నమాట. అక్కడ ఇంకో వాక్యం చేర్చండి.